సంచి చిన్నల్లుడికిచ్చారు

మే 4, ఆదివారం

బీపీ చూసిన డాక్టరు, "మనసులో పెట్టుకోకండి, ఎక్కడైనా రాసి పారేయండి" అన్నాడు. పెట్టుకోవడానికి నా మనసులో ఏముందని నవ్వాను. వచ్చే దారిలో ఈ పుస్తకం కొన్నాను. ఊరికే కొన్నాను.

మామగారు సంచి చిన్నల్లుడికిచ్చారు.

ఇవాళ్టికి ఇంతే.

మే 5, సోమవారం

నిన్న మా ఆవిడ గదిలోకి రావడంతో ఆపేశాను. "ఏం రాస్తున్నారు?" అంది. "స్టాకు" అన్నాను. టైల్స్ షోరూం మేనేజరుకి ఆ మాత్రం అబద్ధం ఎప్పుడూ అందుబాటులో ఉంటుంది.

సంచి అంటే ఏమిటో ఆ వెన్నపూసకి తెలుసా అని నా బాధ. మామగారు బస్సు కండక్టరుగా చేరిన రోజున భుజాన వేసుకున్న తోలుసంచి అది. ఆయన కండక్టరు నుంచి టికెట్ల తనిఖీ ఇన్‌స్పెక్టరు దాకా ఎదిగి రిటైరయ్యారు. యూనిఫాం మారింది గాని సంచిని మాత్రం వదల్లేదు. ఆ ఇంట్లో ఎక్కడికి ప్రయాణమైనా ముందు ఆ సంచి ఒకరి భుజాన పడాలి. ఇక ఆ ప్రయాణానికి వాళ్ళే కండక్టరు. టికెట్లు కొనేదీ, ఎవరు ఎవరి పక్కన కూర్చోవాలో చెప్పేదీ, తలలు లెక్కపెట్టేదీ వాళ్ళే. మామగారంతటి మనిషి కూడా "కండక్టరుగారూ, కాస్త టీ తాగొస్తాను" అని అడిగి వెళ్తారు. తొమ్మిదేళ్ళుగా ఆ సంచి నాది. కన్నకొడుకు, అంటే మా బావమరిది, ఎదురుగా ఉండగా నాకిచ్చారు. వాడు పిల్లల్ని స్కూలు నుంచి తీసుకురావడానికి వెళ్ళి ఒకణ్ణి మర్చిపోయి వచ్చే రకం, అది వేరే సంగతి.

నిన్న భోజనాలయ్యాక అందరం హాల్లో చేరాం. సెలవుల్లో ఆ పెద్ద పార్కుకి తీసుకెళ్ళాలని పిల్లలు ఎప్పటినుంచో ప్రాణం తీస్తున్నారు. అక్కడ నిజానికి రెండు పార్కులు పక్కపక్కనే ఉంటాయి. ఒక గేటు నీళ్ళ వైపుకి, ఇంకో గేటు రైడ్ల వైపుకి. దేని టికెట్టు దానిదే. నేను ఇంటర్నెట్లో అంతా చూసి పెట్టుకున్నాను. ఎత్తు చాలని పిల్లలకి ఏ టికెట్టో, ఏదీ ఎక్కకుండా కూర్చుని చూసే పెద్దవాళ్ళకి ఏ టికెట్టో, గుంపుగా వెళ్తే ఎంత తగ్గిస్తారో అన్నీ నోటికొచ్చు. మామగారు లేచి బీరువా తెరిచి సంచి తెచ్చారు. నేను తెలియకుండానే భుజం కొంచెం ముందుకి పెట్టాను. ఆయన నన్ను దాటుకుని వెళ్ళి వెన్నపూస మెడలో వేశారు.

"ఈసారి నువ్వురా కండక్టరువి," అన్నారు.

అందరూ చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా నేనే కొట్టాను. ఆ సంగతి గమనించిన వాళ్ళెవరూ లేరు.

మే 7, బుధవారం

వెన్నపూస అన్నది నేను పెట్టిన పేరు. ఈ పుస్తకంలో తప్ప ఎక్కడా పైకి అనలేదు. మా మరదలి మొగుడు, నాకు తోడల్లుడు. ఫిజియోథెరపీ చేస్తాడు. పెళ్ళయి రెండేళ్ళు కాలేదు, అప్పుడే ఆ ఇంట్లో వాడు లేకపోతే పొద్దుగడవదు. వారం వారం వచ్చి మామగారి మోకాళ్ళు పడతాడు. ఆయన కళ్ళు మూసుకుని, "వీడి చేతిలో ఏదో ఉందర్రా" అంటారు. చేతిలో ఏముంటుంది, నూనె ఉంటుంది.

ఆయన బాత్రూంలో జారకుండా ఉండే టైల్స్ నేను దగ్గరుండి వేయించాను. రెండు రోజులు షోరూంకి సెలవు పెట్టి, మేస్త్రీ పక్కనే పీట వేసుకుని కూర్చుని, అంగుళం వాటం తేడా రాకుండా చూశాను. ఆయన రోజూ వాటిమీదే నడుస్తున్నారు. టైల్స్ గురించి ఎవరూ కళ్ళు మూసుకుని మాట్లాడరు.

నాకు అసూయేమీ లేదు. న్యాయం సంగతి మాట్లాడుతున్నాను.

మే 9, శుక్రవారం

షోరూంలో ఉండగా వెన్నపూస ఫోన్ చేశాడు. అప్పుడు నా ఎదురుగా ఒక జంట బూడిద రంగా, మీగడ రంగా తేలక ఒకరి మీద ఒకరు విసుక్కుంటున్నారు. ఆవిడ పలకని బుగ్గకి ఆనించుకుని చూస్తోంది. బాత్రూం నేలని బుగ్గతో ఎవరు తుడుస్తారో తెలియదు గాని, కొనేవాళ్ళని ఏమీ అనకూడదు.

"అన్నయ్యా, బిజీగా ఉన్నారా? టికెట్ల సంగతి మీరు చెప్తే గాని నాకు తేలదు," అన్నాడు. "పిల్లలు నీళ్ళ వైపే కావాలంటున్నారు. ఒక తేదీకి కట్టుబడిపోయే టికెట్లు తీసుకోనా, నెలాఖరు దాకా ఏ రోజైనా చెల్లేవి తీసుకోనా?"

"నాదేముంది తమ్ముడూ, సంచి నీ దగ్గరుంది కదా," అన్నాను.

"సంచి ఉంటే సరిపోతుందా? మీ అనుభవం ఎక్కడినుంచి తెచ్చుకోను?"

చూశావా, ఇదీ వాడి పద్ధతి. కాస్త చోటు కనిపిస్తే చాలు, వెన్న రాసేస్తాడు. నేను ఏ రోజైనా చెల్లేవే తీసుకోమన్నాను. మంచి సలహానే ఇచ్చాను. అప్పటికి నా మనసులో ఏమీ లేదు, ఈ మాట రాసి ఉంచుకోవడం మంచిది.

ఆ జంట మీగడ రంగు తీసుకున్నారు. నేను అమ్మాలనుకున్నది అదే. అమ్మదల్చుకున్నదాన్ని చివర చూపించి, "మీ ఇష్టమండీ" అని వెనక్కి తగ్గాలి. అంతకంటే ఈ వ్యాపారంలో కిటుకేమీ లేదు.

మే 11, ఆదివారం

మామగారింటికి వెళ్ళాం. నేను చెప్పిన జోకుకి మామగారు "ఊఁ" అన్నారు. గంట తర్వాత అదే జోకు వెన్నపూస చెప్తే కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు. అత్తయ్య లోపలినుంచి వచ్చి ఏమైందని అడిగింది. మళ్ళీ చెప్పించుకున్నారు.

నా కూతురు కూడా నవ్వింది. ఇంట్లో నేను చెప్పినప్పుడు "పాతది నాన్నా" అని లేచిపోయిన పిల్ల.

మే 14, బుధవారం

ఇవాళ ఒక కాంట్రాక్టరు వచ్చాడు. బురద బూట్లతో షోరూమంతా తొక్కుకుంటూ వచ్చి, జారని రకం, గరుకు పలకలు, పెద్ద ఆర్డరు కావాలన్నాడు. ఎక్కడికని అడిగాను. ఆ పార్కుకే. నీళ్ళ వైపున్న కొలనుల గట్లన్నీ నాచు పట్టి జారుతున్నాయట.

"ఇరవయ్యారు సోమవారం పొద్దున్నకల్లా లారీ అక్కడుండాలి సార్. నీళ్ళ వైపు గేటు గురువారం దాకా మూసేస్తున్నారు. శుక్రవారం జనాన్ని వదుల్తారు. ఆలోపు నేను పని ముగించాలి, లేదంటే నా పని ముగుస్తుంది."

"అందరికీ తెలియజేశారా?" అన్నాను.

"గేటు దగ్గర బోర్డు పెడతారు సార్. ముందే చెప్తే టికెట్లెవడు కొంటాడు?"

మనవాళ్ళు బయల్దేరేది సరిగ్గా ఆ వారమే. వెన్నపూస నీళ్ళ వైపు టికెట్లు పదిహేడూ కొనేశాడని మొన్ననే మా ఆవిడ చెప్పింది. సాయంత్రం ఫోన్ చేసి చెప్పాలి.

మే 15, గురువారం

చెప్పలేదు. ఫోన్ ఎంగేజ్ వచ్చింది.

ఒక్కసారే చేశాను.

మే 17, శనివారం

అందరం మళ్ళీ మామగారింట్లో. పార్కు దగ్గర అద్దెకి తీసుకున్న ఇంటి ఫొటోలు వెన్నపూస అందరికీ చూపించాడు. ఎవరికి ఏ గది, ఎవరికి కింది మంచం, అత్తయ్యకి మెట్లెక్కే పని లేకుండా ఏర్పాటు. తప్పు పడదామని వెతికాను. పిల్లలు వాడి వీపు మీద ఎక్కి ఫొటోలు చూస్తున్నారు. నా కూతురు వాడి ఫోన్‌లో ఈత దుస్తుల రంగులు ఎంచుకుంటూ, "బాబాయ్, నీలం బావుందా, ఆకుపచ్చ బావుందా?" అని అడుగుతోంది. ఎదురుగా రంగులమ్మి బతికే తండ్రి కూర్చున్నాడు.

టీ తీసుకుని బాల్కనీలోకి వెళ్తే వెనకాలే వచ్చాడు.

"అన్నయ్యా, ఇంకొక్కటి. మంగళవారం పార్కుకి వెళ్దామా, శుక్రవారమా? ఆ వారమంతా అక్కడే ఉంటాం, టికెట్లు ఎప్పుడైనా చెల్లుతాయి. మీరేమంటారు?"

అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. నోటి చివర దాకా వచ్చింది. లోపలినుంచి మామగారు, "ఒరేయ్ చిన్నోడా, ఇలా రారా, ఈ మోకాలు చూడు" అని పిలిచారు. చిన్నోడట. నన్ను పెద్దోడా అని పిలవడానికి ఆయనకి మూడేళ్ళు పట్టింది.

"మంగళవారమే మంచిది," అన్నాను. "శుక్రవారం జనం తొక్కుకుంటారు. అయినా నీ ఇష్టం."

"మీరు చెప్పాక ఇంకేముంది," అని లోపలికి పరుగెత్తాడు.

టీ చల్లారిపోయింది, పారబోశాను.

మే 18, ఆదివారం

రైడ్ల వైపు గేటుకి, ఇరవయ్యేడు మంగళవారానికి, పదిహేడు టికెట్లు కొన్నాను. ఎవరికీ చెప్పలేదు. ఆ వైపు తేదీ వేసినవే అమ్ముతారు. నీళ్ళ వైపు మూసి ఉంటే వచ్చిన జనమంతా అటే పడతారు, గేటు దగ్గర అప్పటికప్పుడు దొరకవు. అందుకని ముందే కొన్నాను.

దీన్ని జాగ్రత్త అంటారు. కుటుంబం మేలు కోరేవాడు చేసే పని. పిల్లలు అంత దూరం వెళ్ళి ఏడుపు ముఖాలతో తిరిగొస్తే ఎవరికి సంతోషం? నేను ఎవరికీ కీడు చేయడం లేదు. గేటు మూసింది నేను కాదు కదా.

గేటు దగ్గర ఏం జరుగుతుందో రెండు మూడు సార్లు అనుకుని చూశాను. వాడు బోర్డు ముందు గుడ్లు తేలేసి నిలబడతాడు. పిల్లలు ఏడుపు మొదలుపెడతారు. మామగారు నాకోసం వెనక్కి తిరిగి చూస్తారు. అప్పుడు నేను తీస్తాను, వెంటనే కాదు, కొంచెం ఆగి.

మే 20, మంగళవారం

షోరూం ప్రింటరులో టికెట్లు ప్రింటు తీశాను. బాగా వచ్చాయి.

మే 22, గురువారం

మా ఆవిడ పొద్దున్న, "ఈమధ్య మీరు స్నానం చేస్తూ పాడుతున్నారు, ఒంట్లో బానే ఉందా?" అంది.

మధ్యాహ్నం వెన్నపూస షోరూంకి వచ్చాడు. పిల్లలకి గాలి ఊదే ట్యూబులు కొని ఒక పెద్ద సంచీలో మోసుకొచ్చాడు. అత్తయ్యకి ఏ సైజు పడుతుందో, ఆవిణ్ణి అడిగితే కోప్పడుతుందేమోనని నన్నడగడానికి వచ్చాడట. ఎండలో పడి వచ్చాడు, చొక్కా వీపుకి అతుక్కుపోయింది. మంచినీళ్ళు ఇప్పించాను. ఎదురుగా ఆ గరుకు పలకల పెట్టెలు లారీకి సిద్ధంగా పేర్చి ఉన్నాయి. వాటి మీదే కూర్చుని నీళ్ళు తాగాడు.

చెప్పేద్దామనుకున్నాను. నిజంగా అనుకున్నాను. "తమ్ముడూ, ఒక మాట" అని మొదలుపెట్టాను కూడా.

"ముందు నా మాట వినండన్నయ్యా," అన్నాడు నవ్వుతూ. "నిన్న పక్కింటాయనకి నన్ను చూపిస్తూ మామయ్య ఏమన్నారో తెలుసా? మా రెండో కొడుకండీ అన్నారు. నాన్న పోయాక నన్ను కొడుకు అన్నవాళ్ళు లేరు. మీకు తప్ప ఎవరికి చెప్పుకోను?"

కన్నకొడుకు ఒకటి. వీడు రెండు. మరి నేనెక్కడ? లెక్కలో అసలు ఉన్నానా?

"ఏదో చెప్పబోయారు?" అన్నాడు.

"అత్తయ్యకి అన్నింటికంటే పెద్ద సైజు తీసుకో," అన్నాను.

మే 26, సోమవారం

చేరాం. ఇల్లు బాగానే ఉంది. నాకిచ్చిన గదిలో ఫ్యాను చప్పుడు చేస్తోంది. చప్పుడు చేసే ఫ్యాను నాకే వచ్చింది.

మే 27, మంగళవారం

అందరూ ఇంకా పార్కులోనే ఉన్నారు. తలనొప్పి అని నేనొక్కణ్ణే ముందే వచ్చేశాను. మేడ మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను.

అన్నీ నేను అనుకున్నట్టే జరిగాయి. పొద్దున్నే గేటు దగ్గరికి వెళ్ళాం. పిల్లలు ట్యూబులు మెడల్లో వేసుకుని వ్యానులోంచి దిగారు. నీళ్ళ వైపు గేటుకి గొలుసు, గొలుసుకి బోర్డు. బోర్డు వెనక ఎక్కడో పలకలు కోసే మిషను చప్పుడు వినిపిస్తోంది. వెన్నపూస బోర్డు చదివాడు. మళ్ళీ చదివాడు. వాడి చెయ్యి మెడలోని సంచి మీదికి పోయింది.

చిన్నపిల్ల ఒకతి ఏడుపు మొదలుపెట్టింది, దాంతో మిగతావాళ్ళూ అందుకున్నారు. మరదలు మొగుణ్ణి పట్టుకుని, "కనుక్కోకుండా ఎలా తీసుకొచ్చారండీ ఇంతమందిని?" అంది. బావమరిది, ఒక్కోసారి తన పిల్లల్నే మర్చిపోయేవాడు, "ఒక ఫోన్ కొడితే తెలిసేది కదా" అన్నాడు. వెన్నపూస నా వైపు చూశాడు. మంగళవారం అన్నది అన్నయ్యే అని ఇప్పుడు అంటాడు అనుకున్నాను. దానికి జవాబు కూడా సిద్ధంగా ఉంది, "నీ ఇష్టం అన్నాను కదా" అని.

"తప్పు నాదే," అన్నాడు. "నేనే కనుక్కోలేదు."

అంతే అన్నాడు. నా పేరెత్తలేదు.

అప్పుడైనా ఆగాల్సింది. కానీ మామగారు వెనక్కి తిరిగి చూశారు, నేను ఇన్నాళ్ళూ అనుకున్న చూపే అది. నా చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్ళింది. "పర్లేదర్రా, ఏడవకండి," అంటూ టికెట్లు తీశాను. "రైడ్ల వైపు పదిహేడు ఉన్నాయి, ఇవాళ్టివే."

ఇంత గోల నేను పుట్టి బుద్ధెరిగాక నాకోసం ఎవరూ చేయలేదు. పిల్లలు కాళ్ళకి చుట్టుకున్నారు. నా కూతురు "నాన్నా" అని మెడ పట్టుకుంది. అత్తయ్య, "అందుకే అన్నిటికీ పెద్దల్లుడే కావాలనేది" అంది. మా ఆవిడ అందరి వైపూ ఒకసారి తిరిగి చూసింది, చూశారా నా మొగుణ్ణి అన్నట్టు.

మామగారు చెయ్యి చాచి ఒక టికెట్టు తీసుకున్నారు. అలవాటు కొద్దీ కళ్ళద్దాలు పెట్టుకున్నారు. ఆ కాగితం అడుగున, చీమల్లాంటి అక్షరాల్లో, కొన్న తేదీ ఉంటుంది. నేను ప్రింటు తీశాను, పదిహేడూ కత్తిరించాను, ఒక్కసారీ ఆ వరుస చూడలేదు. ఆయన చూశారు. బొటనవేలు అక్కడే ఆగింది. పార్కు టికెట్ల సంగతి నాకంతా తెలుసనుకున్నాను, టికెట్లు చూసి జీవితం గడిపిన మనిషి చేతికి వాటిని నా చేత్తో నేనే ఇచ్చాను.

అదే సమయానికి బావమరిదికి పుట్టాక మొదటిసారి బుర్ర పనిచేసింది. "అది సరే బావా, మూసేస్తారని నీకు ముందే ఎలా తెలుసు?"

ఎందుకైనా మంచిదని కొన్నానని చెప్పాలని ఎన్నిసార్లు అనుకున్నానో. తీరా అడిగేసరికి చేతిలో మిగిలిన టికెట్లు మళ్ళీ లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

"నేనే కొని ఉంచమన్నాను," అన్నారు మామగారు. "ఇంత పెద్ద పార్కు, ఏ మరమ్మత్తులో పెట్టుకుంటారేమోనని. చిన్నోడికి చెప్పడం మర్చిపోయాను. వాణ్ణేమీ అనకండి."

టికెట్టు మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు.

లోపలికి వెళ్ళాక పిల్లలు తలో దిక్కూ పరుగెత్తారు. నేను అలవాటు ప్రకారం అందరి చెప్పులూ ఫోన్లూ పట్టుకుని ఒక పక్కన నిలబడ్డాను. మామగారు వచ్చి, "అవన్నీ అక్కడ పెట్టు. ఆ పెద్ద చక్రం ఎక్కుదాం, రా," అన్నారు. మోకాళ్ళ సంగతేమిటని అడిగాను. "చిన్నోడు ఎక్కొచ్చన్నాడులే."

ఇద్దరం ఒక డబ్బాలో కూర్చున్నాం. చక్రం తిప్పేవాడు తలుపు బిగించి వెళ్ళిపోయాడు. పైకి లేచాక ఆయన మాట్లాడారు. కోపంగా మాట్లాడి ఉంటే నాకు సుళువుగా ఉండేది.

"మంగళవారం వెళ్దామని అన్నయ్య చెప్పారు మామయ్యా అని వాడు ఆ రోజే వచ్చి నాకు చెప్పాడు," అన్నారు. "మోకాలు పడుతూ ఎంత సంబరంగా చెప్పాడో."

నేను డబ్బా కమ్మీ పట్టుకుని కిందికి చూశాను.

"టికెట్టు మీద ఆ మర్నాటి తేదీ ఉంది, చూడకపోయినా బావుండేది."

"మామయ్యా..."

"వాడికి చెప్పకు. వాడు నిన్ను చాలా పెద్దగా అనుకుంటున్నాడు." కొంచెం ఆగి, "నేనూ అలాగే అనుకునేవాణ్ణి," అన్నారు.

చక్రం పైన ఆగింది. కింద మనవాళ్ళు రంగు చుక్కల్లా కనిపిస్తున్నారు. వెన్నపూస అక్కడే నిలబడి మాకు చేతులూపుతున్నాడు. మామగారు వాడికి చెయ్యూపారు.

"తొమ్మిదేళ్ళుగా చూస్తున్నాను," అన్నారు, ఇటు తిరక్కుండానే. "ఎక్కడికెళ్ళినా నువ్వు సంచి మోస్తూ, అందరి చెప్పులూ కాస్తూ బయట నిలబడతావు. ఒక్కటీ ఎక్కవు. కండక్టరు పని అదే కదా, నాకు తెలియదా? ఎన్ని వేల మందిని కూర్చోబెట్టానో, నేను నిలబడే ఉన్నాను. ఈసారి నిన్ను నా పక్కన కూర్చోబెట్టుకోవాలనుకున్నాను. అందుకే సంచి వాడికిచ్చాను."

అప్పటికి ఆయన పక్కనే కూర్చుని ఉన్నాను. ఇద్దరి మోకాళ్ళూ తగులుతున్నాయి. చక్రం మమ్మల్ని మెల్లగా కిందికి దించింది. ఆయన దిగడానికి చెయ్యిచ్చాను. పట్టుకున్నారు, దిగాక వదిలేశారు.

మే 28, బుధవారం

పొద్దున్న టీలు తాగుతుంటే బావమరిది వెన్నపూసకి "తాళంకప్ప" అని పేరు పెట్టాడు. మూసిన గేటు దగ్గరికి తీసుకెళ్ళాడు కాబట్టి. అందరూ నవ్వారు. పిల్లలు "తాళంకప్ప బాబాయ్" అంటున్నారు. వాడూ నవ్వుతున్నాడు, కానీ ఫొటోలు చూపించడం మానేశాడు. పార్కు పేరెత్తితే లేచి వెళ్ళిపోతున్నాడు.

నెల రోజులుగా నేను కోరుకున్నది ఇదే.

ఇక ఊరుకోకూడదనుకున్నాను. కప్పు కింద పెట్టి, "అసలు జరిగింది వినండి" అని మొదలుపెట్టాను. అందరూ నా వైపు తిరిగారు. మామగారు మాత్రం తల ఎత్తలేదు. చెంచాతో టీ కలుపుతూనే ఉన్నారు. అప్పుడు అర్థమైంది. నేను నిజం చెప్తే, "నేనే కొనమన్నాను" అన్న మాట అబద్ధమైపోతుంది. నా తప్పు ఒప్పుకోవాలంటే ముందు ఆయన్ని అబద్ధాలకోరుని చెయ్యాలి. ఆయన నాకిచ్చిన ఒకే ఒక్క దయ అది, దాంట్లోంచి బయటికి రావడానికి నాకు దారి లేదు.

"ఆ పేరు బాగోలేదు, ఇంకెవరూ అనకండి," అన్నాను. అంతకంటే ఏమీ అనలేకపోయాను.

తర్వాత వెన్నపూస నా గదికి వచ్చాడు. మెడలోంచి సంచి తీసి నా మంచం మీద పెట్టాడు.

"ఇది మీదేనన్నయ్యా. నాకు రాదు. నిన్న మీరు లేకపోతే నా పరువు పోయేది." పట్టీ మడిచి సంచి మీద పెట్టాడు. "మీరు నా పక్కన ఉంటే చాలు."

వద్దన్నాను. రెండుసార్లు వద్దన్నాను. మూడోసారి తీసుకున్నాను.

ఇకమీదట వాణ్ణి వెన్నపూస అని ఇక్కడ కూడా రాయను.

మే 29, గురువారం

వర్షం. ఎటూ వెళ్ళలేదు. తమ్ముడు మామగారి మోకాళ్ళు పట్టాడు. నేను గుమ్మంలో నిలబడి చూశాను. నిజం రాయాలంటే, ఇంకా కొంచెం మండింది.

మే 30, శుక్రవారం

నీళ్ళ వైపు తెరిచారు. తమ్ముడు కొన్న టికెట్లు చెల్లాయి, నేను ఏ రోజైనా చెల్లేవి తీసుకోమన్నందుకు. పిల్లల గోల ఇప్పటికీ తగ్గలేదు, ఇల్లంతా తడి చెప్పులే.

రాయాల్సింది గేటు దగ్గర జరిగినది.

సంచి భుజాన వేసుకుని తలలు లెక్కపెట్టాను. అందరూ ఉన్నారు. టికెట్ల కట్ట తీసి గేటువాడికి ఇవ్వబోతుంటే మామగారు ముందుకొచ్చారు.

"ఏదీ, టికెట్లు చూపించు," అన్నారు.

సరదాకి అన్నారనుకుని నవ్వాను. పిల్లలు కూడా నవ్వారు. ఆయన చాచిన చెయ్యి అలాగే ఉంచారు.

"చూశాను మామయ్యా, అన్నీ సరిగ్గా ఉన్నాయి," అన్నాను.

"ఇటివ్వు."

ఇచ్చాను. కళ్ళద్దాలు పెట్టుకుని ఒక్కొక్కటే చూశారు. ముందు వైపు చూసి, వెనక్కి తిప్పి చూసి, కిందికి పెట్టి ఇంకొకటి తీశారు. తేదీ దగ్గర బొటనవేలు ఆనించి చదివారు. తొందరపడలేదు. వెనక క్యూ పెరిగింది. తమ్ముడు, "ఏమైంది మామయ్యా, ఏదైనా తేడా ఉందా?" అన్నాడు కంగారుగా. వాళ్ళందరికీ అది ముసలాయన పాత అలవాటు. ఆ బస్సుల్లో ఆయన సొంత తమ్ముడి టికెట్టు కూడా తిప్పి చూసేవారట, ఇంట్లో అందరికీ తెలిసిన కథే.

తొమ్మిదేళ్ళలో నా చేతిలో టికెట్లు ఆయన ఒక్కసారి కూడా చూడలేదు. రైళ్ళకి, బస్సులకి, ఎగ్జిబిషన్లకి, పడవలకి ఎన్నిటికి కొన్నానో. పెద్దోడు కొన్నాడంటే ఇక చూసేదేముంది అనేవారు. అది నాకు ఇచ్చిన గౌరవమని ఇవాళ్టిదాకా అనుకోలేదు. పట్టించుకోలేదనుకున్నాను.

అన్నీ అయ్యాక కట్ట సర్ది నా చేతిలో పెట్టారు.

"సరిగ్గానే ఉన్నాయి," అన్నారు. "పద."